మబ్బులో మంచు ఎలా పుడుతుంది?

సున్నా డిగ్రీల దగ్గర నీరు గడ్డకడుతుందని బడిలో చదువుకుంటాం. మబ్బులో ఆ లెక్క చెల్లదు. అక్కడి సన్నటి చుక్కలు స్వచ్ఛంగా ఉంటే సుమారు మైనస్ 38 డిగ్రీల దాకా నీరుగానే ఉండిపోతాయి. అంతకుముందే గడ్డకట్టాలంటే గాలిలో తేలివచ్చిన రేణువు ఏదో ఆసరా ఇవ్వాలి. ఏ రేణువు పడితే అది పనికిరాదు. లీటరు గాలిలో ధూళి, పొగ రేణువులు లక్షల్లో ఉన్నా, మైనస్ 20 డిగ్రీల దగ్గర మంచును పుట్టించగలిగేది దాదాపు ఒక్కటే. ఉరుములు, పిడుగులు, వడగళ్లు అన్నిటికీ ఆ మంచే మూలం కాబట్టి, ఆ ఒక్కదాని కోసం శాస్త్రవేత్తలు ఇప్పటికీ వెతుకుతున్నారు.

సున్నా కన్నా చల్లబడ్డా నీరుగానే ఉండే నీటిని థర్మామీటరుతో పేరుపొందిన ఫారెన్‌హీట్ 1720ల్లోనే గమనించాడు. దాన్ని మబ్బుతో ముడిపెట్టడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 1922లో స్వీడన్ శాస్త్రవేత్త టోర్ బెర్గెరాన్ ఓస్లో దగ్గరి వోక్సెన్‌కొల్లెన్ కొండమీద ఫర్ చెట్ల మధ్య నడిచేవాడు. చలి ముదిరిన రోజున పొగమంచు చెట్ల మధ్య దారి మీదికి దిగడం లేదని చూశాడు. కొమ్మలకు పట్టిన మంచు చుట్టూ ఉన్న ఆవిరిని లాగేసుకుంటోంది. చుక్కలు ఆరిపోతున్నాయి. మబ్బులోనూ ఇదే జరిగితే? కొద్దిపాటి మంచు పలుకులు వేల చుక్కల నీటిని తాగి బరువెక్కి కిందికి జారతాయి, దారిలో కరిగి వానవుతాయి. జర్మనీ శాస్త్రవేత్త వెగెనర్ 1911లోనే ఈ ఆలోచనకు బీజం వేశాడు. ఒక అడవి దారిని చూసి ఇంత పెద్ద విషయం పట్టుకున్న బెర్గెరాన్ చూపు నాకెప్పుడూ అబ్బురమే.

మరి మొదటి పలుకు ఎక్కడిది? అమెరికాలోని షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ ఒక ఫ్రీజరు లోపల నల్ల మఖ్మల్ పరిచి, నోటి ఆవిరి ఊది చిన్న మబ్బు చేసేవాడు. అందులో రకరకాల పొడులు చల్లినా ఫలితం రాలేదు. 1946 జూలైలో ఒక వేడి రోజున పెట్టె చాలినంత చల్లగా లేదని డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్క వేశాడు. క్షణంలో పెట్టె నిండా మంచు పలుకులు మెరిశాయి. నిజానికి డ్రై ఐస్ రేణువులా పనిచేయలేదు. దాని విపరీతమైన చలికి చుక్కలు ఏ ఆసరా లేకుండానే గడ్డకట్టాయి. నవంబరు 13న మసాచుసెట్స్‌లోని గ్రేలాక్ కొండ దగ్గర అతను విమానం నుంచి అదే చల్లితే మబ్బు కింద మంచు రాలింది. మర్నాడే సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్ అసలు ఆసరాను పట్టుకున్నాడు. మంచు అణువుల అమరికకు దగ్గరి అమరిక ఉన్న పదార్థం ఏదని పుస్తకాల్లో వెతికి సిల్వర్ అయోడైడ్‌ను ఎంచుకున్నాడు. మొదటి నమూనా శుద్ధమైనది కాక విఫలమైంది, శుద్ధమైనది పనిచేసింది. 2000 దశకంలో రాయలసీమ మీద వాన కోసం జరిపిన మేఘమథనానికి మూలాలు ఇక్కడే ఉన్నాయి.

వాన కురిపించాలన్న తొందర ముందు నడిచింది, ప్రకృతి సొంతంగా ఏం వాడుతుందన్న ప్రశ్న వెనకబడింది. ఈ చరిత్రలో నన్ను బాధించేది అదే. జవాబులు మెల్లగా వచ్చాయి. 1970ల్లో వయోమింగ్ విశ్వవిద్యాలయంలో కుళ్లిన ఆకుల పొడి గొప్పగా మంచు పుట్టిస్తుందని తేలింది. కారణం సూడోమోనాస్ సిరింగే అనే బాక్టీరియా. దాని మీది ప్రోటీన్ మైనస్ 2 డిగ్రీల దగ్గరే నీటిని గడ్డకట్టిస్తుంది. తర్వాత వడగళ్ల నడిబొడ్డులోనూ బాక్టీరియా దొరికింది. 2013లో బ్రిటన్‌లోని లీడ్స్ పరిశోధకులు ఎడారి ధూళిలో ప్రధానంగా ఈ పని చేసేది ఫెల్డ్‌స్పార్ ఖనిజమని చూపారు. హైదరాబాద్ గ్రానైట్ గుట్టలకు గులాబీ రంగు ఇచ్చేది అందులో ఒక రకమే.

విమానాల్లో కొలిచినవారికి ఇంకో చిక్కు ఎదురైంది. కొన్ని మబ్బుల్లో మంచు పలుకులు వాటిని పుట్టించగల రేణువుల కంటే వెయ్యి రెట్లు ఎక్కువగా ఉన్నాయి. 1974లో హాలెట్, మాసప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానికి ఒక దారి చూపారు. మంచు ముక్కకు చల్లటి చుక్కలు తగిలి గడ్డకట్టేటప్పుడు చిన్న చిన్న పలుకులు చిట్లి విడిపోతాయి. అది మైనస్ 3, మైనస్ 8 డిగ్రీల మధ్యే సాగుతుంది. అంతకన్నా చల్లటి ఎత్తుల్లో ఏం జరుగుతోందో చూడటానికి పరిశోధకులు ఇంకా తుఫాను మబ్బుల్లోకి విమానాలు పంపుతూనే ఉన్నారు.