నిరుపయోగమని తలంచిన గ్రంథి

హృదయమునకు పైభాగమున, రొమ్ముటెముక వెనుక, థైమస్ అను గ్రంథి గలదు. బాల్యమున పెద్దదై యుండి, వయస్సుతో నిది క్రమముగ క్షీణించును. దీని ప్రయోజన మెఱుగకపోవుటచే గలిగిన యనర్థమును, ఎఱుగుటచే గలిగిన జ్ఞానమును మేమిట సంగ్రహముగ తెల్పుచున్నాము.

పూర్వము పాశ్చాత్యవైద్యులు శవపరీక్షలందు తఱచుగ చూచినవి లేమిచేతను దీర్ఘవ్యాధులచేతను కృశించినవారి దేహములు. అట్టివారి థైమస్ కుంచించిపోయి యుండును. అదియే సహజపరిమాణమని నమ్మినవారికి, హఠాత్తుగ మరణించిన పుష్టిగల శిశువుల గ్రంథి మితిమీరి పెరిగినట్లు తోచెను. అదియే యూపిరి నడ్డగించెనని నిర్ణయించిరి. పసిబిడ్డల థైమస్‌ను ఎక్స్‌కిరణములతో కుదించు చికిత్స 1907 లో అమెరికాలో మొదలై దశాబ్దములకొలది సాగెను. అట్టి చికిత్స పొందిన బిడ్డలలో కొందరికి థైరాయిడ్ గ్రంథియందు రాచపుండు పుట్టినదని 1950 లో డఫీ, ఫిట్జ్‌గెరాల్డు అను వైద్యులు ప్రకటించిరి.

1961 లో జాక్ మిల్లరు లండనులో అప్పుడే పుట్టిన చిట్టెలుకల థైమస్‌ను తొలగించి చూచెను. అవి రక్షణకణములు కొఱవడి అంటురోగములపాలయ్యెను. పరజంతువుల చర్మము నతికించినను త్రోసివేయజాలకపోయెను. పెరిగిన జంతువులందు దీనిని తొలగించినచో వెంటనే హాని కానరాదు. అందుచేతనే యీ సత్యము అంతకాలము మరుగుపడియుండెను.

మఱి రక్షించు కణములు స్వదేహముపై ఏల తిరుగబడవు? ఫిన్లండు మున్నగు కొన్ని తావులందు కొంత హెచ్చుగ కనబడు నొక యరుదైన వంశానుగత వ్యాధి దీనికి సమాధానము చూపెను. ఈ రోగుల యధివృక్కాది గ్రంథులను వారి రక్షణకణములే ధ్వంసము చేయును. దీనికి మూలమైన జన్యువును 1997 లో రెండు పరిశోధకబృందములు వేర్వేరుగ 21వ క్రోమోసోముపై కనుగొనెను. దాని పేరు ‘ఎయిర్’. అది థైమస్‌లో చేయు పనిని 2002 లో ఆండర్సను, మాథిస్, బెన్వా మొదలగువారు ఎలుకలయందు నిరూపించిరి.

థైమస్ లోపలి కణములందు ఎయిర్ వేలకొలది యితర జన్యువులను మేల్కొల్పును. క్లోమమున పుట్టవలసిన ఇన్సులిను వంటి మాంసకృత్తులు కొలదిగ నచ్చటనే పుట్టి, లేత రక్షణకణములకు పరీక్షావస్తువులగును. వానిపై తీవ్రముగ కదలిన కణములలో పెక్కు లచ్చటనే నశించును. కొన్ని తక్కిన కణముల నదుపులో నుంచునవిగ మారును. ఎయిర్ చెడినచో నీ పరీక్ష లోపించి, స్వదేహద్రోహులు వెలికి వచ్చును.

బీదల కృశించిన దేహమును మానవజాతి కంతకును కొలబద్దగ నెంచుట తొలివైద్యుల పొరపాటు; ప్రయోజనము తెలియమిని ప్రయోజనము లేమిగ భావించుట రెండవది. ఈ రెండవది నేటికిని పూర్తిగ తొలగలేదు. హృదయశస్త్రచికిత్సలో దారికడ్డమని థైమస్‌ను తీసివేయుట నేటికిని కలదు. అట్లు తీసివేయబడిన పెద్దవారిలో, అది నిలిచియున్నవారికంటె, ఐదేండ్లలో మరణములును రాచపుండ్లును హెచ్చుగ నుండెనని 2023 లో బోస్టను పరిశోధకులు తెల్పిరి.