ఆంగ్ల పర్యాయపదాలు: తెలుగువారి పదాభ్యాసం

ఒకే అర్థానికి దగ్గరైన మాటలను గుంపుగా నేర్చుకోవడం తెలుగువారికి ఇంగ్లీషుతో వచ్చిన అలవాటు కాదు. వీధిబడుల్లో సంస్కృత పర్యాయపద కోశమైన అమరకోశం వల్లె వేయించేవారు. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహము’ ఉండేది. రెండూ పద్యంలో ఉన్నవే. వాటిలో మాటల వరుస అక్షరక్రమంలో కాక దేవవర్గు, మానవవర్గు వంటి విషయవిభాగాలను బట్టి సాగుతుంది.

1852లో లండన్‌లో వెలువడిన పీటర్ మార్క్ రోజె ‘థెసారస్’ కూడా భావాలనుబట్టి మాటలను కూర్చినదే. కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదంతో 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన అమరకోశాన్ని రోజె తన పీఠికలో ప్రస్తావించి, దాని వర్గీకరణ గందరగోళంగా ఉందని పెదవి విరిచాడు. అమరం కంఠస్థం చేయడానికి కూర్చినది, రోజె గ్రంథం రాసేటప్పుడు తగిన మాట వెతుక్కోవడానికి కూర్చినది. ఆ తేడాను ఆయన లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది.

తెలుగునాట ద్విభాషా నిఘంటువుల దారి వేరు, అవి ఒక భాష మాటకు మరో భాషలో సమానార్థకం ఇస్తాయి. 1821లో ఎ.డి. క్యాంబెల్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వచ్చింది. దానికి ఆధారం మచిలీపట్నం వాసి మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’. తరువాత మోరిస్, సి.పి. బ్రౌన్, పి. శంకరనారాయణ నిఘంటువులు వచ్చాయి. మన కాలంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు నిఘంటువునూ పర్యాయపద కోశాన్నీ ఒకే సంపుటిలో చేర్చారు.

తెలుగు సమానార్థకం ఒక్కటే పట్టుకుంటే చిక్కు వస్తుంది. ‘స్లిమ్’, ‘స్కినీ’ రెంటికీ ‘సన్నని’ అని రాసుకున్న విద్యార్థి ఒకటి మెచ్చుకోలని, రెండోది ఎద్దేవా అని గ్రహించలేడు. ‘నాజూకైన’, ‘బక్కపలచని’ అని విడదీసుకుంటే కొంత మేలు. ఈ చిక్కును ఇంగ్లీషులోనే ఇచ్చిన నిర్వచనం బాగా విప్పుతుంది, అదీ తేలిక మాటల్లో ఉంటేనే. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, 1935 నాటి తన నిఘంటువులో సుమారు 24,000 పదాలు, పదబంధాలను 1,490 మాటలతోనే వివరించాడు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ అభ్యాసక నిఘంటువు దాదాపు 2,000 మాటలతో అదే పద్ధతి పాటించింది. పై స్థాయి పదాలు నేర్చుకునేవారికి ద్విభాషా నిఘంటువు కంటే ఇదే నమ్మదగ్గ తోడు.

అమెరికా చదువులకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులు జి.ఆర్.ఇ. పరీక్ష కోసం బారన్స్ పుస్తకంలోని 3,500 పదాల జాబితాను ఏళ్ల తరబడి బట్టీ పట్టారు. 2011 ఆగస్టులో ఆ పరీక్ష వ్యతిరేకపదాల ప్రశ్నలను తీసేసింది. దాని కొత్త రూపంలో, ఒకే ఖాళీలో విడివిడిగా పెట్టి చూసినా వాక్యార్థం మారని రెండు మాటలను ఎంచుకోమనే ప్రశ్నలున్నాయి. అక్కడ రెండు మాటలు పర్యాయపదాలైనంత మాత్రాన చాలదు, ఆ వాక్యంలో రెండూ పొసగాలి.