నైవేద్యపు బియ్యము – కుంచపు కొలత, కాటా తూనిక

దేవాలయములలో నైవేద్యమునకు బియ్యమును కొలుచుట ప్రాచీనాచారము; తూచుట నిన్నమొన్నటిది. నిత్యము కుంచెడు బియ్యము వండి నివేదించుటకై పూర్వులు మాన్యములు వ్రాసియిచ్చిరి. నేడు కుంచము వంటశాలలో మూలకు చేరినది. కుంచమనగా ఎన్ని కిలోలని పాకశాలవారు మమ్ము తరచుగా అడుగుచుందురు. ఒక అంకె చెప్పి పంపుట సులభమే. కాని ఆ అంకె తప్పినచో దాత సంకల్పమునకు నిత్యము లోటు కలుగును గదా!

తెలుగునాట నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఈ లెక్క పెద్దలందరికి కంఠస్థమే. అయితే పాత్రల పరిమాణము సీమసీమకు వేరు. కావున కుంచమను పేరు ఒక్కటే చాలదు. ఏ ఊరి కుంచమో తెలియవలెను.

ఈ చిక్కును కౌటిల్యుడు ఏనాడో గుర్తించెను. అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున రాజాదాయపు ద్రోణమునకు 200 పలముల మినుములు ప్రమాణమని విధించెను. వ్యవహార ద్రోణమునకు 187½ పలములు, భృత్యులకు కొలిచి ఇచ్చుదానికి 175, అంతఃపురమునకు 162½. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. కొలత పాత్రకు తూనికతో ప్రమాణము కట్టెను. ఏ ధాన్యముతో తూచవలెనో దానిని పేరు పెట్టి చెప్పెను. ఆ ద్రోణముననే వడ్లు పోసినచో 200 పలములు తూగవు. పాత్రను ఎండిన గట్టి కొయ్యతో చేయింపవలెననియు, నాలుగవ వంతు పైన శిఖగా నిలుచునట్లో, ఆ శిఖయు లోపలనే ఇముడునట్లో ఉండవలెననియు చెప్పెను. శిఖతో కొలిచినదానికిని, అంచు సమముగా త్రోసి కొలిచినదానికిని ఎంత భేదమో వంటవారికి వేరుగ చెప్పనక్కరలేదు. కొఱ్ఱలు, అరికలు వండినచో మూడు రెట్లు, వ్రీహులు నాలుగు రెట్లు, శాలులు ఐదు రెట్లు అన్నమగునని కూడ అచ్చటనే కలదు.

దేవాలయపు కొలతకు స్పష్టమైన సాక్ష్యము తంజావూరు బృహదీశ్వరాలయ శాసనములలో లభించుచున్నది. 1010 ప్రాంతమున రాజరాజచోళుడు పూర్తి గావించిన ఆ ఆలయమున వడ్లు కొలుచు మరక్కాలునకు ఆడవల్లాన్ అని పేరు. అది నటరాజస్వామి నామము. బంగారము తూచు రాతికిని అదియే పేరు. ఐదు పాళ్ల వడ్లకు రెండు పాళ్ల బియ్యమను నిష్పత్తియు శాసనములలో కానవచ్చును. స్వామి పేరు గల పాత్రలో కొరత కొలుచుటకు ఎవనికి చేయి వచ్చును?

తరువాతి కాలమున శేరు మరింత గందరగోళము తెచ్చినది. మద్రాసు తూనికలో శేరు 24 తులములు, అనగా సుమారు 280 గ్రాములు. ఉత్తరదేశపు శేరు 80 తులములు, సుమారు 933 గ్రాములు. కొన్ని చోట్ల శేరన్న పేరు కొలత పాత్రకును కలదు! 1956 చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము వాడుకలో ప్రవేశించుటతో తూనికల తగవు తీరినది. దానపత్రములలోని కుంచము మాత్రము అట్లే నిలిచినది.

లీటరు పాత్రలో బియ్యము సుమారు 800 గ్రాములు తూగును. వడ్లు 600 లోపే. అటుకుల సంగతి చెప్పనే అక్కరలేదు. కనుక అన్నిటికి ఒకే అంకె పనికిరాదు. ఆలయములోని పాత కుంచముతో, అచ్చటి ఆచారము ననుసరించి శిఖతోనో సమముగానో, వండబోవు బియ్యమునే మూడు మారులు కొలిచి, తూచి, సగటును దస్త్రమున వ్రాయింపుడు. పప్పునకు వేరుగా చూడుడు. బియ్యపు రకము మారినప్పుడు మరల తూచుడు. ఎసరు ఇన్ని పాళ్లని పెట్టుట కొలతను బట్టియే గనుక, బియ్యమును తూచినను ఎసరు కొరకు ఆ పాత్రనే వాడుట మేలు. లేనిచో పులిహోర అన్నము ముద్దయగును.

ఆలయమున పాత్రయే లేనిచో, ఆ సీమలో దొరకిన కుంచములలో పెద్దదానిని గ్రహింపవలెనని మా అభిప్రాయము. ఉన్నవారు దానిని పాత ఇత్తడి క్రింద అమ్మివేయకుందురు గాక.