ఆన్‌లైన్ పాఠం తెరుచుకోకపోతే: బ్రౌజర్‌లో చూడాల్సినవి, కాలేజీని అడగాల్సినవి

ఆన్‌లైన్ చదువుల వేదికలు తయారుచేసేవాళ్ల ఊహలో ఒక విద్యార్థి ఉంటాడు. అతనికి సొంత ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఉంటుంది. అది కొత్తది. నెట్ ఆగదు. ఓటీపీ వచ్చే నంబరు అతని జేబులోనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దళితవాడల్లో చదువుకునే పిల్లల్లో చాలామంది పరిస్థితి దీనికి తలకిందులు. ఇంటికి ఒక్క ఫోన్, అదీ సెకండ్ హ్యాండ్‌ది. అన్న డిగ్రీకి, చెల్లి పదో తరగతికి అదే ఫోన్. ఓటీపీ వెళ్లే సిమ్ పనికోసం హైదరాబాద్‌కో చెన్నైకో వలసపోయిన నాన్న దగ్గర ఉంటుంది.

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు, డేటా వాడకం బాగా పెరిగాయి. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఆ ఫోన్‌లో పరీక్ష పేజీ తెరుచుకోవటం వేరు. తెరుచుకోనప్పుడు "నీకు వాడటం రాదు" అని తప్పు పిల్లల మీదే వేసేస్తారు. చాలాసార్లు అసలు కారణం పాత ఫోన్, పంచుకున్న ఖాతా, లేదా ఎవరో మార్చి వదిలేసిన ఒక సెట్టింగ్. విద్యార్థులకూ, వాడల్లో వాళ్లకు సాయపడే కార్యకర్తలకూ పనికొచ్చేలా వాటిని ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాం.

ఇందులో పోయేది చిన్నది కాదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్‌లో చదివే కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం వేదిక ద్వారా పూర్తిచేయడానికి విద్యాసంస్థలు అనుమతించవచ్చు. స్వయంలో ఉండే ఎన్‌పీటెల్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, చివరి పరీక్షకు 75 శాతం మార్కులు. గడువు దాటితే ఆ వారం మార్కులు పోయినట్టే.

మొదట జబ్బు ఎక్కడో తేల్చుకోండి

సెట్టింగులు మార్చే ముందు మూడు పరీక్షలు చేయండి. ఒకటి, అదే ఫోన్‌లో వేరే సైట్ తెరవండి. అదీ రాకపోతే సమస్య నెట్‌ది. రెండు, అదే లింకును ఇంకొకరి ఫోన్‌లో తెరవండి. అక్కడా రాకపోతే బహుశా సమస్య ఆ సైట్‌దే, మీ ఫోన్‌ను కెలకొద్దు. మూడు, మీ ఫోన్‌లోనే క్రోమ్ మెనూలో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి అక్కడ లాగిన్ అవ్వండి. అక్కడ పనిచేస్తే పాత కుకీలో, ఇంకొకరి ఖాతానో అడ్డం పడుతోందని అర్థం.

ఎవరి ఖాతా తెరిచి ఉంది?

ఒక ఫోన్‌ను ముగ్గురు వాడే ఇంట్లో ముందు చూడాల్సింది ఇదే. గూగుల్ క్లాస్‌రూమ్‌లో మీ క్లాస్ కనిపించకపోయినా, గూగుల్ ఫామ్ "యూ నీడ్ పర్మిషన్" అన్నా చాలావరకు కారణం ఒకటే: అన్న ఖాతాతో చెల్లి క్లాస్ తెరుస్తున్నారు. పేజీలో కుడివైపు పైన కనిపించే గుండ్రటి బొమ్మ నొక్కితే ఏ మెయిల్‌తో ఉన్నారో తెలుస్తుంది. అక్కడే ఖాతా మార్చుకోవచ్చు. మారినా కుదరకపోతే ఇన్‌కాగ్నిటోలో మీ మెయిల్ ఒక్కదానితోనే లాగిన్ అవ్వండి.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నేరుగా నొక్కితే ఫోన్‌లో మొదటగా ఉన్న ఖాతాతో తెరుచుకోవచ్చు. లింకును కాపీ చేసి, మీ ఖాతా తెరిచి ఉన్న బ్రౌజర్‌లో పేస్ట్ చేయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లోపలే తెరుచుకునే పేజీలో ఎప్పుడూ పరీక్ష రాయొద్దు. అది పూర్తి బ్రౌజర్ కాదు.

ఓటీపీ విషయంలో ముందుచూపు అవసరం. కోర్సులో చేరేటప్పుడే మెయిల్‌కు ఓటీపీ వచ్చే వీలుంటే అది ఎంచుకోండి. వలసలో ఉన్నవాళ్ల నంబరే ఇవ్వక తప్పకపోతే, వాళ్లు పనిలో లేని వేళ అడిగి ఆ సమయంలోనే లాగిన్ అవ్వండి.

తేదీ తప్పితే తలుపు మూసుకుంటుంది

"యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని ఎర్రగా వస్తే వెంటనే భయపడనక్కర్లేదు. ముందు ఫోన్‌లో తేదీ, సమయం చూడండి. సైట్ల భద్రతా పత్రాలకు గడువు ఉంటుంది. ఫోన్ పాత సంవత్సరం చూపిస్తే బ్రౌజర్ ఆ పత్రాన్ని నమ్మదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్ ఆన్ చేయండి. నెట్ సెంటర్‌లోని పాత కంప్యూటర్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే, లోపలి చిన్న నాణెం బ్యాటరీ అయిపోయిందని చెప్పండి. తేదీ సరిగ్గానే ఉండి, సొంత నెట్ మీద కూడా ఆ హెచ్చరిక వస్తే అక్కడ పాస్‌వర్డ్, ఆధార్ నంబర్ ఇవ్వొద్దు.

పాత ఫోన్, పాత బ్రౌజర్

క్రోమ్‌కు వయసు హద్దులున్నాయి. విండోస్ 7, విండోస్ 8 ఉన్న కంప్యూటర్లకు చివరిగా వచ్చింది క్రోమ్ 109, 2023లో. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకు చివరిది 2025లో వచ్చిన క్రోమ్ 138. ఇవి వెంటనే ఆగిపోవు గానీ, కొత్తగా కట్టిన సైట్లు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమించింది. దానిలో పరీక్ష పేజీ తెరిచే ప్రయత్నం చేయొద్దు. ఫ్లాష్ అడిగే పాత పాఠాలు 2020 చివరితో ముగిశాయి. ఆ ప్లేయర్ ఎక్కించుకోమని చెప్పే సైట్ ఏదైనా మోసమే అనుకోండి.

సెకండ్ హ్యాండ్ ఫోన్లలో యూసీ బ్రౌజర్ ఇంకా మిగిలి ఉంటే తీసేయండి. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. డేటా మిగులుతుందని చాలామంది ఒపేరా మినీ వాడతారు. వార్తలు చదవడానికి బాగానే ఉంటుంది గానీ, దానిలో డేటా పొదుపు ఎక్స్‌ట్రీమ్ స్థాయిలో ఉంటే పేజీ ముందు ఆ కంపెనీ సర్వర్‌లో నలిగి మన దగ్గరికి వస్తుంది. అప్పుడు లాగిన్లు, క్విజ్‌లు చెడిపోవచ్చు. పరీక్షకు క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ వాడండి. ప్లే స్టోర్‌లో క్రోమ్‌తో పాటు ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ కనిపిస్తే దాన్నీ అప్‌డేట్ చేయండి. చాలా చదువు యాప్‌లు లోపల వాడేది దాన్నే.

కుకీలు, పాప్-అప్‌లు, అడ్డుకట్టలు

లాగిన్ అయినా మళ్లీ లాగిన్ పేజీకే తిప్పుతోందంటే కుకీలు అడ్డం పడుతున్నాయని అనుమానించండి. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్ అనే వరుసలో వెళ్లి థర్డ్ పార్టీ కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి. పరీక్ష అయ్యేదాకా అనుమతించి, తర్వాత మళ్లీ ఆపొచ్చు. పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్, జావాస్క్రిప్ట్ కూడా ఆ జాబితాలోనే ఉంటాయి. జావాస్క్రిప్ట్ ఆన్‌లో ఉండాలి. క్విజ్ కొత్త కిటికీలో తెరుచుకోవాల్సి ఉంటే ఆ ఒక్క సైట్‌కు పాప్-అప్ అనుమతి ఇవ్వండి.

మొత్తం బ్రౌజింగ్ డేటా చెరిపేయడం చివరి మందు. ఇంట్లో అందరి లాగిన్లూ పోతాయి. ముందు సైట్ సెట్టింగ్స్‌లో ఆల్ సైట్స్ తెరిచి, ఇబ్బంది పెడుతున్న సైట్ డేటా ఒక్కటే తీసేయండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఉందో లేదో అంతకుముందే చూసుకోండి.

వీడియో మధ్యలో ఆగుతుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్, బ్యాటరీ సేవర్ ఆపి చూడండి. ప్రకటనలు రాకుండా ఎవరైనా యాప్ గానీ, వీపీఎన్ గానీ పెట్టి ఉంటే అది కాసేపు ఆపండి. ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆటోమేటిక్ మీద ఉంచండి.

కెమెరా, మైక్

అనుమతి రెండు చోట్ల ఉండాలి. ఫోన్ బ్రౌజర్‌కు ఇవ్వాలి, బ్రౌజర్ సైట్‌కు ఇవ్వాలి. మొదటిది ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, క్రోమ్, పర్మిషన్స్ దగ్గర ఉంటుంది. రెండోది సైట్ అడ్రసు పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కితే కనిపిస్తుంది. మొదటిసారి కంగారులో బ్లాక్ నొక్కేస్తే సైట్ మళ్లీ అడగదు, మనమే వెళ్లి మార్చాలి. వాట్సాప్ కాల్ నడుస్తుంటే మైక్ దొరక్కపోవచ్చు. ఇంటి పరిసరాలు చూసి వెక్కిరిస్తారేమోనని కెమెరా పెట్టని పిల్లలున్నారు. పరీక్ష కాని క్లాసులో కెమెరా తప్పనిసరి చేయొద్దని టీచర్లను అడగడం న్యాయమే.

నెట్ సెంటర్‌లో, సచివాలయంలో

పదిమంది వాడే కంప్యూటర్‌లో గెస్ట్ మోడ్ గానీ, ఇన్‌కాగ్నిటో గానీ తెరవండి. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి. కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతే మన వివరాలు ఊరి చేతిలో పెట్టినట్టే. లేచే ముందు వాటిని తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. మీ తరఫున ఇంకొకరు దరఖాస్తు నింపితే, మెయిల్, పాస్‌వర్డ్ మీ చేతికి వచ్చాకే డబ్బులివ్వండి.

తుఫానుకు ముందే దించుకోండి

జూలైలో మొదలయ్యే సెమిస్టర్ కోర్సులు ముగింపుకొచ్చే అక్టోబరే మన తీరానికి తుఫానుల నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అందుకని సిగ్నల్ బాగున్న రోజే పాఠాలు ఫోన్‌లోకి దించుకోండి. ఎన్‌పీటెల్ సైట్‌లో వీడియోలు దించుకోవచ్చు. దీక్షా యాప్‌లో పాఠాలు దాచుకుని నెట్ లేకుండా చూడొచ్చు. డీటీహెచ్ ఉన్న ఇంట్లో స్వయంప్రభ చానళ్లు ఉచితంగా వస్తాయి. అసైన్‌మెంట్ గడువు రోజు దాకా ఆగకుండా రెండు రోజుల ముందే పంపేయండి.

అన్నీ చేసినా తెరుచుకోకపోతే

అప్పుడు తప్పు మీది కాదు. దాన్ని రుజువుగా మార్చుకోండి. అడ్రసు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఏ ఫోన్, ఏ బ్రౌజర్, ఏం చేశారో నాలుగు వాక్యాలు రాసి, గడువు ముగియకముందే టీచర్‌కూ వేదిక సహాయ విభాగానికీ మెయిల్ చేయండి. నోటిమాటగా చెప్పింది తర్వాత నిలబడదు. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ వంటి విశ్వవిద్యాలయాల పరిధిలో చదివేవాళ్లు, తమ కాలేజీ ఏ ఆన్‌లైన్ కోర్సును క్రెడిట్‌గా తీసుకుంటుందో చేరేముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. కాలేజీ పలకకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, విద్యార్థులకు ఎన్ని గంటలు తెరిచి ఉంచుతున్నారు అని ప్రభుత్వ కాలేజీని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

మన అడుగుకు న్యాయస్థానాల అండ ఉంది. హాస్టల్ విద్యార్థిని వేసిన కేసులో 2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులో భాగమని చెప్పింది. సంక్షేమ హాస్టళ్లలో ఫోన్ పూర్తిగా నిషేధించే వార్డెన్లకు ఈ తీర్పు చూపించొచ్చు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తేల్చింది. అది వైకల్యం ఉన్నవాళ్ల కేసు. కానీ గ్రామీణులు, వెనుకబడిన వర్గాలు డిజిటల్ చదువుకు, సేవలకు దూరమవుతున్న సంగతినీ అందులో ప్రస్తావించింది.

వాడలో ఇలా మొదలుపెట్టొచ్చు: ఈ వరుస తెలిసిన ఇద్దరు విద్యార్థులు వారానికి ఒక సాయంత్రం అంబేద్కర్ భవనంలోనో, చర్చి వరండాలోనో కూర్చుని పిల్లల ఫోన్లు చూడాలి. సరిచేసినవి ఒక నోటుబుక్కులో, సరికానివి ఇంకో పేజీలో రాయాలి. రెండో పేజీ నిండిన రోజు, దాన్నే అర్జీకి జతచేసి కలెక్టరేట్‌కు తీసుకెళ్లాలి.