కోడలమ్మ ముందు ఎవరు మాట్లాడారు?

భద్రాచలం ఏజెన్సీ కోయల గురించి తొలిరోజుల్లో వివరంగా రాసినవాళ్ళలో దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ ఒకరు. 1870లలో ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో ఆయన రాసిన సంగతులు చాలావరకు 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లోకి చేరాయి. కోయల గురించి థర్‌స్టన్ వేసిన ఆ అధ్యాయంలో చిక్కుళ్ళ పండుగ దగ్గర నేను ఆగిపోయాను.

ఆ పండుగ జరిగేదాకా ఊళ్ళో ఎవరూ చిక్కుడుకాయ కోయకూడదు. పూజారి ముందురోజంతా పస్తుండాలి. ఊరి మగవాళ్ళంతా ఆయన వెంట నల్లమద్ది చెట్టు దగ్గరికి వెళ్ళి, రాయి నిలిపి, కోడలమ్మ అనే దేవతకు అంకితం చేస్తారు. ఒక్కొక్కరూ పూజారికి ఒక కోడిపెట్ట, శేరు బియ్యం ఇవ్వాలి. దక్షిణ రెండణాలు.

అణాలతో సహా లెక్క ఉంది. రాయి ముందు పూజారి పలికిన మాట మాత్రం లేదు. తెలుగు చెవికి ఆ దేవత పేరులో కోడలు వినిపిస్తుంది. ఆమె దగ్గరికి వెళ్ళింది మగవాళ్ళు. ఆ పూట ఊళ్ళో కోడళ్ళు ఏం చేస్తున్నారో, ఏమనుకుంటున్నారో ఆ పేరా చెప్పదు.

ఇలాంటి పండుగల్లో మాట ఒక పని చేస్తుంది. పూజారి దేవతకు చెప్పుకునేదాకా అది తీగమీది కాయ, ఆ తర్వాతే కూర. ఊరు ఎప్పుడు తినాలో, ఎప్పుడు విత్తాలో చెప్పే అధికారం ఆ నోటిది. అందుకే ఆ నోరు ఎవరిదన్న ప్రశ్న మనకు ముఖ్యం.

మరి ఆడవాళ్ళ మాట ఎక్కడుంది? తొలకరికి ముందు వచ్చే భూమి పండుగలో ఉంది. మగవాళ్ళు వేటకు వెళితే, ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డం నిలబడి, రేల పాటలు పాడి, వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులడుగుతారు. వట్టి చేతుల్తో తిరిగొచ్చిన మగవాణ్ణి ఎగతాళి చేస్తారు, పేడనీళ్ళు చల్లుతారు. పత్రికలు దీన్ని వినోదంగా రాస్తాయి. నాకు మాత్రం ఇది పూజారి మాటకు సాటివచ్చే మాటగా కనిపిస్తుంది. ఆ అడగడం బిచ్చం కాదు, ఆ పూట దారి వాళ్ళది. చెక్ పల్లెల్లో ఈస్టర్ సోమవారంనాడు మగపిల్లలు అల్లిన విల్లో కొమ్మలతో ఆడపిల్లల్ని కొట్టి, పద్యం చెప్పి, గుడ్లు పుచ్చుకుంటారు. అక్కడ అడిగే నోరు మగపిల్లలది. ఇక్కడ ఆడవాళ్ళది.

అయినా ఈ స్వేచ్ఛకు గడువుంది. వేటరాని మగవాణ్ణి ఆడవాళ్ళ నోటికి అప్పగించి ఊరు తన పని చేయించుకుంటుంది. పండుగ దాటితే అదే మాట పొగరవుతుంది. ఆ మాటకున్న బలం తెలుసు కనకనే దానికి తేదీ కట్టారనుకుంటాను.

ఇప్పుడు ఆ కాస్త చోటూ పోతోంది. 2014లో కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలను పోలవరం కోసం ఖమ్మం నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పరిహారపు లెక్కల్లో ఇల్లు, పొలం, చెట్టు ఉంటాయి. వాగు పేరు పెట్టి పాడే పాటకు, ఏటా బండ్లనాపే దారిమీది హక్కుకు ఏ లెక్కా లేదు. నూరేళ్ళ కిందటి పేరాలో ఉన్న ఖాళీయే మళ్ళీ సర్కారు కాగితాల్లో కనిపిస్తోంది.

కోయ ఆడపిల్లలు ఇప్పుడు చదువుకుంటున్నారు. తమ అమ్మమ్మల మాటల్ని వాళ్ళే, కోయ భాషలోనే రాయాలి. మన పత్రికలు వాటికి చోటివ్వాలి. ఎగతాళినీ తిట్టునూ మన మర్యాద కోసం దిద్దకుండా అచ్చువెయ్యాలి.