ఇనుమునకు రంగు కవచము

వాన కురిసి వెలిసిన మరునాటి ఉదయమున కారును ఇంటి ముంగిటినుండి కదలించినవారికి ఒక గరగర ధ్వని పరిచితమే. మొదటిసారి బ్రేకు నొక్కగనే అది పుట్టును. రెండు మూడు పర్యాయములు నొక్కిన పిదప మాయమగును. చక్రమునందలి పోత ఇనుప డిస్కుపై రాత్రికి రాత్రి పట్టిన పలుచని త్రుప్పు, ప్యాడుల ఒరపిడికి రాలిపోవుటయే ఇందులకు కారణము. ఇది అల్పవిషయమే. కాని అదే త్రుప్పు ఒరపిడి తగులని మూలలలో చేరి యేండ్ల తరబడి పెరిగినచో అల్పవిషయము కాదు. దానిని అడ్డుటకు మానవుడు పన్నిన ఉపాయములకు రెండువేల యేండ్ల చరిత్ర కలదు.

ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని, ఈ మూడును కలిసినచోట త్రుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో అది త్వరపడును. విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపట్టణములలో కిటికీ ఊచలు ఎంత వేగముగా పాడగునో అచటి గృహస్థులకు చెప్పనక్కరలేదు. త్రుప్పునకు మరియొక దుర్గుణము కలదు. తాను తినివేసిన ఇనుముకంటె అది అనేక రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. కావుననే బ్రేకులో ప్యాడు జారవలసిన గాడిలో త్రుప్పు ఉబ్బినచో ప్యాడు బిగిసిపోవును. అపుడొక చక్రము ఆగును, మరియొకటి ఆగదు. బండి ఒక ప్రక్కకు లాగును. ప్రాణముల విషయమిదియే.

మన ఇండ్లలో దోసెల పెనమునకు త్రుప్పు పట్టకుండ నూనె రాసి పెట్టుదురు. ఇది ప్రాచీనమైన ఉపాయము, మంచి ఉపాయము. కాని బ్రేకునకు ఇది పనికిరాదు. బ్రేకునకు ఒరపిడియే ప్రాణము. నూనె తగిలిన ఒరపిడి నశించును. నూనె పూయరాని ఇనుమును కాపాడుటెట్లు? ఆరి గట్టిపడి, నీటిని దరిచేరనీయని పూత కావలెను. అదియే రంగు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందలి రోమను పండితుడు ప్లినీ, సీసపు సఫేదా, జిప్సము, తారు కలిపి పూసిన ఇనుము త్రుప్పునుండి కాపాడబడునని వ్రాసియున్నాడు. మన దేశమున ఢిల్లీలోని ఇనుప స్తంభము సుమారు పదునారు వందల యేండ్లుగా ఎండకు వానకు నిలిచియున్నది. ఆ ఇనుములో భాస్వరపు పాలు ఎక్కువ. తడియు ఆరుదలయు మారి మారి రాగా దాని ఉపరితలమున ఒక పలుచని ఫాస్ఫేటు పొర ఏర్పడి కవచమైనదని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం విశదపరచిరి. అనగా ఆ స్తంభము తన కవచమును తానే కల్పించుకొన్నది.

పందొమ్మిదవ శతాబ్దమున ఇనుప వంతెనలు, ఓడలు, రైళ్లు వచ్చిన పిదప రంగు అలంకారము కాక అవసరమైనది. సిందూరమును, అనగా ఎఱ్ఱని సీసభస్మమును, అవిసె నూనెతో కలిపి మొదటి పూతగా వేసెడివారు. అది త్రుప్పును చక్కగా అడ్డినది. కాని దాని ధూళి పనివారి దేహమున విషమైనది. అందుచేతనే క్రమముగా దానిని విడిచిపెట్టవలసివచ్చెను. స్కాట్లండులో 1890లో ప్రారంభింపబడిన ఫోర్త్ వంతెనకు రంగు వేయుట ఒక చివరనుండి మరియొక చివరకు ముగియులోపల మరల మొదలిడవలసివచ్చునని జనవాక్యము. ఆంగ్లమున అంతులేని పనికి ఆ వంతెన పేరే సామెతయైనది. 2002 మొదలు 2011 వరకు దానికి గాజుపలుకులు కలిపిన ఎపాక్సీ రంగు వేసిరి. ఇరువది యేండ్లకు పైగా అది నిలుచునని నిర్మాతల అంచనా.

రంగు కేవలము తెర. తెర చిరిగినచోట శత్రువు ప్రవేశించును. తానే ముందు నశించి ఇనుమును కాపాడు లోహమొకటి కలదు. అదియే తుత్తునాగము, అనగా జింకు. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఓడల అడుగున బిగించిన రాగి రేకులకు జింకు, ఇనుప ముక్కలు తగిలించి రాగిని కాపాడవచ్చునని నిరూపించెను. శాస్త్రము సఫలమైనది, ఓడ విఫలమైనది. కరగని రాగిపై సముద్రపు గుల్లలు దట్టముగా పట్టి ఓడల వేగము తగ్గెను. రక్షణ యెక్కడ కావలెనో, యెక్కడ వలదో తెలియవలెనను పాఠము ఇందున్నది. 1837లో ఫ్రాన్సు దేశస్థుడు సోరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచు పద్ధతికి పేటెంటు పొందెను. మన బావుల దగ్గర బక్కెటలు దాని సంతతియే.

ఇక బ్రేకుల సంగతి. పూర్వపు కార్లలో డ్రమ్ము బ్రేకులు మూతలో దాగియుండెడివి. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే ఇంగ్లండున డిస్కు బ్రేకునకు పేటెంటు పొందినను అది వెంటనే వ్యాపింపలేదు. 1953లో లె మాన్ పందెమున డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు గెలిచిన పిదప లోకదృష్టి దానిపై పడెను. డిస్కు గాలికి తెరచియుండును. అందుచే త్వరగా చల్లబడును. ఆ గుణమే దోషమును కూడ తెచ్చినది. వాననీరు, బురద, ఉప్పుగాలి నేరుగా దానిని తాకును. పైగా గట్టిగా బ్రేకు వేసినపుడు డిస్కు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కును. సామాన్యపు రంగు మాడి రాలిపోవును.

ఈ చిక్కును తీర్చినది సిలికోను. నాటింగ్‌హామ్‌లో ఆచార్య కిప్పింగ్ దశాబ్దములపాటు ఈ పదార్థములను పరిశోధించెను గాని, వానివలన లోకమునకు గొప్ప ప్రయోజనము కలుగునని ఆయన ఆశింపలేదు. 1943లో అమెరికాలో డౌ కార్నింగ్ సంస్థ వెలసి వానిని పరిశ్రమలోనికి దింపెను. సిలికోను జిగురుతో చేసిన రంగు వేడికి ఓర్చును. ఆ పిదప సన్నని జింకు, అల్యూమినియము రేకులను పొరలు పొరలుగా పరచు పూతలు వచ్చినవి. వానిలో కొన్నిట విషతుల్యమైన ఒక విధపు క్రోమియము ఉండెడిది. ఐరోపాలో కొత్త కార్లలో దాని వాడుక 2007నుండి నిషిద్ధమైనందున, అది లేని పూతలు వాడుకలోనికి వచ్చినవి. సీసమువలెనే ఇచటను రక్షకుడే భక్షకుడు కాకుండ చూడవలసివచ్చెను.

కొన్నేండ్ల క్రిందట నా కారు బ్రేకులకు ఒకచోట ఎఱ్ఱని రంగు వేయించితిని. చూచుటకు ముచ్చటగా నుండెను. వీధి మలుపున బ్రేకు నొక్కగా బండి ఆగవలసినచోట ఆగక, ప్రహరీగోడను రాచుకొని నిలిచినది. పనివాడు శ్రద్ధాళువు, కనబడిన ఇనుమునంతను, ప్యాడు తాకు ముఖముతో సహా, రంగుతో నింపినాడు. గోడకు బదులు అచట ఒక పసివాడు నిలిచియుండినచో? ఆ ప్రశ్న నన్నిప్పటికిని వదలలేదు.

కావున నియమము సులభము. డిస్కు నడిమి భాగము, అంచులు, కాలిపరు వెలుపలి ముఖము, వీనికి రంగు వేయవచ్చును. ముందుగా తీగె బ్రష్షుతోను ఉప్పు కాగితముతోను త్రుప్పు తీసి, జిడ్డు కడిగి, వేడికి ఓర్చు రంగునే పూయవలెను. ప్యాడు తాకు ముఖము, ప్యాడు జారు గాడి, రబ్బరు భాగములు, వీనిని కప్పి కాపాడవలెను. బ్రేకు నూనె చిందినచో వెంటనే తుడువవలెను. సామాన్యముగా వాడు ఆ నూనె రంగును కరగించును.

రంగు లేని ఆ ఒక్క ముఖమునకు దిక్కెవరు? దాని పనియే దానికి దిక్కు. దినదినము పనిచేయు బ్రేకు తన త్రుప్పును తానే రాల్చుకొనును. నెలల తరబడి కదలక నిలిచిన బండికే అది ముదురును. వానకాలమున కారును ఊరక నిలిపియుంచువారు, వారమునకొకమారైన దానిని కదలించి, మెల్లగా నడిపి, బ్రేకును పరీక్షించుట మేలు.