ఇన్సీన్ పచ్చికలో ఒక మాత్ విమానము

కడప విమానాశ్రయము నుండి 2015 జూన్‌లో ప్రయాణికుల విమానములు ఎగురసాగినవి. అచ్చటి గట్టి రన్‌వేను చూచిన చెన్నూరు వారికి, ఒకప్పుడు పచ్చికబయలే విమానములకు దిగుడుతావనిన నమ్మశక్యము కాదు. అట్టి పచ్చికయే 1930లో ఎమీ జాన్సన్‌కు చిక్కు తెచ్చినది. అది జరిగిన చోటు, మనవారు వేలకొలదిగా వలసపోయిన రంగూను చెంత.

ఎమీకి అప్పటికి 26 ఏండ్లు. మే 5వ తేదీన లండన్ చేరువనున్న క్రాయిడన్ నుండి జిప్సీ మాత్ విమానములో ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరెను. బెర్ట్ హింక్లర్ 1928లో పదునైదున్నర దినములలో ముగించిన ప్రయాణమది. కరాచీ చేరునప్పటికి ఆమె అతనికంటె రెండు దినములు ముందుండెను.

13వ తేదీన కలకత్తా విడచి, వానలో బర్మా కొండలు దాటి, రంగూను గుఱ్ఱపుపందెముల మైదానమునకై వెదకెను. కనబడినది ఇన్సీన్ సాంకేతిక విద్యాలయపు ఆటస్థలము. అదే యనుకొని దిగెను. మాత్‌కు చక్రములను పట్టి నిలుపు బ్రేకులు లేవు; తోకక్రింది స్కిడ్ నేలను ఒరసికొనుచు వేగమును తగ్గింపవలెను. మైదానమా పొట్టిది, పైగా వానకు తడిసినది. విమానము గోలు స్తంభముల నడుమ దూసికొనిపోయి కాలువలో పడెను. ప్రొపెల్లరు విరిగెను, రెక్క చిరిగెను, చక్రముల ఊతము దెబ్బతినెను.

విద్యాలయమువారు మరమ్మతునకు పూనుకొనిరి. వేరొక ప్రొపెల్లరు ఆమె వెంటనే యుండెను. కావలసినది రెక్కకు గుడ్డ. మొదటి ప్రపంచ యుద్ధమున మిగిలిన విమాన వస్త్రముతో అక్కడివారు కొందరు చొక్కాలు కుట్టించుకొని యుండిరి. ఆ చొక్కాలను విప్పి రెక్కకు అతికిరి! ఈ కథలో నాకు సాహసముకన్న ఈ చొక్కాలే ముచ్చట గొల్పును.

16న ఆమె మరల ఎగిరెను. హింక్లరుపై సంపాదించిన ఆధిక్యము ఆ పచ్చికలోనే పోయినది. 24న డార్విన్ చేరెను; పట్టినది పందొమ్మిదిన్నర దినములు. రికార్డు దక్కలేదు గాని, ఆ దూరము ఒంటరిగా ఎగిరిన తొలి స్త్రీ ఆమెయే. విమానమును లండన్ సైన్సు మ్యూజియములో భద్రపరచిరి.

ఎమీ రంగూనులో ఉన్న దినములలోనే అక్కడి రేవున తెలుగు కూలీలు సమ్మె కట్టియుండిరి. కోరంగి రేవు పేరిట వారిని 'కోరంగీలు' అనెడివారు. వారికి బదులు బర్మా కూలీలను పెట్టిరి. సమ్మె తీరి మనవారు పనికి మరలగా, తొలగింపబడిన బర్మీయులకు కడుపు మండినది. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమెల్ల ప్రాకెను. వందకు పైగా ప్రాణములు పోయినవి. హతులలో అత్యధికులు తెలుగువారు. డార్విన్‌లో ఎమీకి జేజేలు పలికి అప్పటికి రెండే దినములు. బ్రదికినవారిలో అనేకులు ఓడలెక్కి స్వదేశమునకు మరలిరి.